పది గ్రాముల తేడా

మా అమ్మకు చదువు రాదు గాని అంకెలు బాగా వచ్చు. పాల కేంద్రంలో ఇచ్చే చీటీలన్నిటినీ వంటింటి గోడకున్న మేకుకు గుచ్చి ఉంచుతుంది. పది రోజులకోసారి బిల్లు రాగానే వాటిని ఒక్కొక్కటిగా తీసి సరిచూసుకుంటుంది. నాన్న పోయిన తర్వాత మా ఇంటిని నిలబెట్టింది రెండు గేదెలే. నా చదువుకు కట్టిన ఫీజుల్లో చాలా భాగం ఆ పాల డబ్బే. అందుచేత ఆ చీటీలను అమ్మ ఎంత శ్రద్ధగా చూస్తుందో నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

చదువు ముగిశాక నాకు హైదరాబాదులో ఉద్యోగం దొరికింది. మా సంస్థ పాల కేంద్రాల్లో వాడే చిన్న యంత్రాలు తయారుచేసేది. కాటా మీద పాల క్యాను పెడితే ఆ యంత్రం బరువు తెలుసుకుని చీటీ అచ్చువేస్తుంది, అదే లెక్కను ఆఫీసులోని కంప్యూటరుకు పంపుతుంది. దానిలో నడిచే ప్రోగ్రాం రాసిన నలుగురిలో నేనొకణ్ణి. ఆ యంత్రం మా ఊరి కేంద్రానికి కూడా వచ్చినప్పుడు, "మా అబ్బాయి చేసిన మిషను" అని అమ్మ వీధి వీధంతా చెప్పుకుంది.

2018 వేసవిలో ఒక సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది.

"నాయనా, చీటీలో రెండు కిలోల ఆరువందల ఎనభై అని ఉంది. బిల్లులో ఆరువందల డెబ్బై అని వేశారు. ఈ పది గ్రాములు ఎవరు తాగారంటావు?"

నేను నవ్వాను. పది గ్రాములంటే అర్ధ రూపాయి కూడా చేయదు గదమ్మా అన్నాను. అమ్మ నవ్వలేదు.

"అర్ధ రూపాయి సంగతి కాదు. ఇరవై చీటీల్లో నాలుగింటికి తేడా వచ్చింది. నాలుగింటిలోనూ మనకే తక్కువ. ఒక్కసారైనా మనకు ఎక్కువ రాలేదు. ఊళ్లో అందరికీ ఇలాగే ఉందట. బాబాయి దొంగలెక్క రాస్తున్నాడని అంటున్నారు. ఇప్పటికే రెండిళ్లవాళ్లు ఆయనకు పాలు పోయడం మానేశారు."

ఆ కేంద్రం నడిపే ఆయన మాకు వరసకు బాబాయి. ఇరవై ఏళ్లుగా తెల్లవారుజామున నాలుగింటికి లేచి కేంద్రం తలుపు తీసే మనిషి. ఎవరింట్లోనైనా కష్టం వస్తే వచ్చే బిల్లు మీద ముందుగానే డబ్బు సర్దేవాడు. ఆయన మీద అలాంటి మాట పడిందనగానే నా నవ్వు ఆగిపోయింది. ఎందుకంటే లెక్క రాసేది బాబాయి కాదు. లెక్క రాసేది నా యంత్రం.

మర్నాడు ఆఫీసుకు వెళ్లి, ఆ పూట అమ్మ పోసిన పాల బరువు కాటా ఎంత చూపిందో తీసి చూశాను. 2.675 కిలోలు. ఆ కాటా ఐదేసి గ్రాముల చొప్పున చూపుతుంది. చీటీ మీద చుక్క తర్వాత రెండంకెలే అచ్చువేస్తాము. యంత్రం 2.68 అని అచ్చువేసింది. ఆఫీసు కంప్యూటరు అదే సంఖ్యను అందుకుని 2.67 అని బిల్లు వేసింది. ఒకే సంఖ్యను రెండు యంత్రాలు రెండు రకాలుగా పలికాయి.

బడిలో మనం నేర్చుకున్న పద్ధతి ప్రకారం చివర 5 ఉంటే పైకి సరిచేయాలి. అలా చూస్తే చీటీయే సరి, బిల్లే తప్పు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. రెండు రోజులు ఆఫీసు కంప్యూటరులోనే తప్పు వెదికాను. తప్పు అక్కడ లేదు, నా దగ్గరే ఉంది. అది ఎలాగో చెప్పాలంటే చదువరులను కాసేపు పాతకాలపు వంటింట్లోకి తీసుకుపోవాలి.

మన పెద్దలు ధాన్యం కొలిచిన పాత్రలు గుర్తున్నాయి గదా! మానికలో సగం తవ్వ. తవ్వలో సగం సోల. సోలలో సగం అరసోల. అందులో సగం గిద్ద. అన్నీ సగాలే. కంప్యూటరు కూడా సంఖ్యలను ఇలాగే దాచుకుంటుంది. దాని దగ్గర ఉన్నవన్నీ సగం, అందులో సగం, మళ్లీ అందులో సగం అనే కొలతలే. రెండు మానికల అరసోల కొలవమంటే, అంటే 2.125, అది చుక్క తేడా లేకుండా కొలుస్తుంది. మానికలో పదో వంతు కొలవమంటే మాత్రం చిక్కు వస్తుంది. అరసోల పోస్తే ఎక్కువవుతుంది. గిద్ద పోస్తే చాలదు. గిద్ద, దాని మీద అరగిద్ద పోసినా ఇంకా కొంచెం తక్కువే. ఎంత చిన్న పాత్ర చేయించినా చివరకు ఒక చుక్క తక్కువో ఒక చుక్క ఎక్కువో అవుతుంది గాని సరిగ్గా పదో వంతు ఎన్నటికీ రాదు.

కంప్యూటర్లు ఒక్కో సంఖ్యకు సాధారణంగా ఇలాంటి మెట్లు 53 వాడతాయి. అమెరికాలో విలియం కాహన్ అనే గణిత పండితుడు ముఖ్యపాత్ర వహించగా 1985లో ఈ పద్ధతికి ఒక ప్రమాణం ఏర్పడింది. ఆయనకు 1989లో ట్యూరింగ్ పురస్కారం లభించింది. ఆ ప్రమాణం ప్రకారం 2.675 అని మనం చెప్పిన సంఖ్యను కంప్యూటరు సరిగ్గా అలాగే దాచుకోలేదు. దానికి దొరికే అతి దగ్గరి సంఖ్య 2.67499999999999982 వరకు వచ్చి, ఇంకా కొన్ని అంకెలు సాగుతుంది. అంటే 2.675 కంటే వెంట్రుకవాసి తక్కువ. సగం కంటే తక్కువ ఉన్నదాన్ని కిందికే సరిచేయాలి గదా! కాబట్టి లోపల ఉన్నదాని ప్రకారం 2.67 సరైన పలుకు. బిల్లు అదే చెప్పింది.

మరి చీటీ 2.68 అని ఎందుకు చెప్పింది?

ఆ యంత్రం ప్రోగ్రాంను సి అనే భాషలో రాశాము. 1970ల తొలినాళ్లలో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో డెన్నిస్ రిచీ రూపొందించిన భాష అది. 1989లో దానికి ప్రమాణం ఏర్పడింది. ఆ భాషతోపాటు ఒక ప్రామాణిక లైబ్రరీ వస్తుంది. పోపులపెట్టెలాగా అందరికీ నిత్యం కావలసిన పనిముట్లన్నీ అందులో సిద్ధంగా ఉంటాయి. ఆ పనిముట్లలో ప్రింట్‌ఎఫ్ ఒకటి. కంప్యూటరు సగాల లెక్కలో దాచుకున్న సంఖ్యను మనకు తెలిసిన పదుల లెక్కలోకి మార్చి అచ్చువేయడం దాని పనుల్లో ముఖ్యమైనది. మా యంత్రంలోని చిప్ చాలా చిన్నది. అందుచేత చిన్న చిప్‌ల కోసం కొందరు రాసి, అందరూ ఉచితంగా వాడుకోవచ్చునని ఇచ్చిన ఒక పొట్టి లైబ్రరీని తెచ్చుకున్నాము. దాన్ని పరీక్షించి "సరిగా ఉన్నది" అని సంతకం చేసింది నేనే. 1.50, 2.25, 10.00 వంటి నాలుగు మంచి సంఖ్యలు ఇచ్చి చూసి తృప్తిపడ్డాను. చిక్కు సంఖ్యలను అడిగి చూడలేదు.

ఇప్పుడు ఆ పొట్టి లైబ్రరీని తెరిచి ఒక్కొక్క వరుసా చదివాను. అది చేసే పని చూడటానికి తేలికే. సంఖ్యను 100తో హెచ్చిస్తుంది, అర కలుపుతుంది, చుక్క తర్వాత ఉన్నదాన్ని కొట్టేస్తుంది. బడిపిల్లవాడు కూడా అలాగే చేస్తాడు. కాని హెచ్చించినప్పుడే మోసం జరిగింది. 2.67499999999999982ను 100తో హెచ్చిస్తే 267.499999999999982 రావాలి. సంఖ్య పెద్దదైన కొద్దీ ఉన్న 53 మెట్లలో ఎక్కువ భాగం పెద్ద కొలతలకే ఖర్చయిపోతుంది, చిన్న కొలతలకు మిగిలేవి తగ్గుతాయి. 267 దగ్గర అంత చిన్న తేడాను పట్టుకునే పాత్ర కంప్యూటరు దగ్గర లేదు. దానికి దొరికిన అతి దగ్గరి సంఖ్య సరిగ్గా 267.5. ఎవరూ అడగకుండానే అది ఒకసారి పైకి సరిచేసింది. తర్వాత మా వరుస దానికి అర కలిపి 268 చేసింది.

అంటే ఒకే సంఖ్యను రెండుసార్లు సరిచేశాము. రూపాయి 49 పైసలను రూపాయలకు సరిచేయమంటే ఒక రూపాయి అనాలి. కాని ఒకరు దాన్ని ముందు రూపాయి 50 పైసలు చేసి, ఇంకొకరు ఆ రూపాయి 50 పైసలను రెండు రూపాయలు చేస్తే? ఇద్దరూ తమ పని న్యాయంగానే చేశామంటారు. చివరి లెక్క మాత్రం తప్పు.

ఇంకొక సంగతి కూడా బయటపడింది. 2.125 వంటి సంఖ్యలు కంప్యూటరులో కచ్చితంగా దాగుతాయి, వాటి చివరి 5 నిజమైన సగమే. అలాంటి చోట ప్రతిసారీ పైకే సరిచేస్తే లెక్క మెల్లగా ఒకవైపుకే ఒరిగిపోతుంది. అందుచేత దగ్గరున్న సరిసంఖ్య వైపు సరిచేయడం ఆ ప్రమాణంలోని మామూలు పద్ధతి. 2.125 కిందికి వచ్చి 2.12 అవుతుంది, 2.375 పైకి వెళ్లి 2.38 అవుతుంది. సగం సార్లు ఇటు, సగం సార్లు అటు. మా పొట్టి లైబ్రరీకి అటూ ఇటూ లేదు, ఎప్పుడూ పైకే. అందుకే తేడా వచ్చిన ప్రతి చీటీలోనూ ఊరివాళ్లకు బిల్లు తక్కువగా కనిపించింది. "ఒక్కసారైనా మనకు ఎక్కువ రాలేదు" అని అమ్మ అన్న మాటకు కారణం అదే. చదువు లేని మా అమ్మ జబ్బు గుర్తును సరిగ్గా పట్టుకుంది.

ఈ సంగతి మా పై అధికారికి చెప్పాను. ఆయన చెడ్డవాడేమీ కాదు, పని ఒత్తిడిలో ఉన్నాడు. "ఆఫీసు కంప్యూటరును కూడా 2.68 అనేలా మార్చేయండి. రెండూ ఒకటే చెబితే గొడవ ఉండదు" అన్నాడు. నిజానికి అది ఒక్క గంట పని. పైగా ఊరివాళ్లకు పది గ్రాములు ఎక్కువే వస్తాయి, మా అమ్మకు కూడా. ఆ మాట నన్ను ఒక రాత్రంతా ఊగించింది. కాని ఆ లైబ్రరీని మేమొక్కరమే వాడటం లేదు. ఇంకెవరో దానితో ఇంకేదో కొలిచే యంత్రాలు చేస్తుంటారు. లోపల ఒకటి ఉంటే నోరు ఇంకొకటి పలికే లైబ్రరీని సరిచేయకుండా, దానికి వంతపాడే రెండో నోటిని తయారుచేయడం నాకు మనసొప్పలేదు. రెండు వారాలు గడువడిగాను. ఆయన కాసేపు ఆలోచించి సరేనన్నాడు.

పని మొదలుపెట్టాక తెలిసింది, ఈ దారిలో నా కంటే ముందు పెద్దలు నడిచారని. అమెరికాలో గై స్టీల్, జాన్ వైట్ అనే ఇద్దరు ఇలాంటి సంఖ్యలను తప్పులేకుండా ఎలా అచ్చువేయాలో వివరిస్తూ 1990లో ఒక వ్యాసం ప్రకటించారు. బెల్ ల్యాబ్స్‌లోని డేవిడ్ గే కూడా అదే ఏడాది ఇదే పనికి తన పద్ధతిని రాసిపెట్టారు. ఇరవై ఎనిమిది ఏళ్ల క్రితమే పరిష్కారం ఉన్న చిక్కులో నేను చూసుకోకుండా కాలు పెట్టానన్నమాట.

చేయవలసింది మన చిన్ననాటి భాగహారమే. కంప్యూటరు 2.675 కోసం దాచుకున్నది నిజానికి 16 అంకెల ఒక పూర్ణసంఖ్య. దాన్ని 2తో 51 సార్లు భాగిస్తే ఆ విలువ వస్తుంది. కాబట్టి చుక్కల జోలికి పోకుండా ఆ పూర్ణసంఖ్యనే 100తో హెచ్చించాలి. ఒక్క అంకె కూడా పోగొట్టుకోకూడదు. తర్వాత భాగించాలి. భాగఫలం 267 వస్తుంది. మిగిలిన శేషాన్ని భాజకంలో సగంతో పోల్చాలి. సగం కంటే ఎక్కువైతే పైకి, తక్కువైతే కిందికి, సరిగ్గా సగమైతే సరిసంఖ్య వైపు. ఇక్కడ శేషం సగం కంటే కొంచెం తక్కువ, కనుక 2.67. సరిచేయడం ఒక్కసారే, అదీ అంతా లెక్కించాక చివరలోనే. మరీ పెద్ద సంఖ్యలు వస్తే వాటిని ముక్కలుగా చేసి, పలక మీద పిల్లలు చేసినట్లు దాపు అంకెలు మోసుకుంటూ పోవాలి.

రాసి, ఆ లైబ్రరీని చూసుకునే వాళ్లకు పంపాను. నేను ఎన్నడూ చూడని ఒకాయన నా వరుసలన్నీ చదివి, మర్యాదగా ఒకే ప్రశ్న వేశాడు. "9.996 ఇచ్చి చూశారా?" చూడలేదు. ఇచ్చి చూస్తే 10.00 రావలసిన చోట నా ప్రోగ్రాం 9.00 అన్నది. దాపు అంకెను చుక్క దాటించడం మరిచిపోయాను. పది గ్రాముల తప్పును సరిచేయబోయి కిలో తప్పు చేశాను! ఆ రోజు నాకు కలిగిన సిగ్గు ఇప్పటికీ మేలే చేస్తోంది.

ఈసారి నాలుగు మంచి సంఖ్యలతో ఆగలేదు. సంఖ్యల్లో మొత్తం 32 బిట్లలోనే ఇమిడే చిన్న రకం ఒకటుంది. ఆ రకంలో ఉండగలిగే రూపాలు మొత్తం 429 కోట్లకు పైగా. వాటన్నిటినీ ఒక్కటి కూడా వదలకుండా అచ్చువేయించి, నమ్మదగిన మరొక లైబ్రరీ చెప్పిన జవాబుతో పోల్చాను. పెద్ద రకంలో అన్నీ చూడటం మనుషుల తరం కాదు, కాబట్టి చిక్కు పెట్టేవాటిని వెదికి వెదికి అడిగాను. అన్నీ సరిపోయాక వాళ్లు నా దిద్దుబాటును లైబ్రరీలో చేర్చుకున్నారు.

ఇంతా చేసినా ఒక ప్రశ్న మిగిలే ఉంది. కాటా చెప్పింది 2.675. చీటీ 2.68 అన్నా, బిల్లు 2.67 అన్నా, అమ్మ పోసిన పాలు ఆ రెండూ కావు. లైబ్రరీ చేయగలిగినదల్లా తన చేతికిచ్చిన సంఖ్యను నిజంగా పలకడమే. చేతికిచ్చేటప్పుడే దాన్ని వెంట్రుకవాసి తగ్గించింది మేము. బరువును కిలోల్లో చుక్కలతో దాచకుండా గ్రాముల్లో పూర్ణసంఖ్యగా, 2675 అని దాచుకుంటే సగాల చిక్కే ఉండదు. డబ్బునైనా పైసల్లో అలాగే దాచుకోవడం మంచిది. కాబట్టి మా ప్రోగ్రాంలో దాన్ని కూడా మార్చాము. చీటీ మీదా బిల్లు మీదా చుక్క తర్వాత మూడంకెలూ వేయించాము.

కొత్త ప్రోగ్రాం వేయడానికి ఊరికి నేనే వెళ్లాను. సాయంత్రం పాలు పోసే వేళకు అందరూ క్యాన్లతో వచ్చారు. అమ్మ చేత పాత తవ్వ, సోల, గిద్ద తెప్పించి అరుగు మీద పెట్టాను. వాటితో మానికలో పదో వంతు కొలవమని ఒక పెద్దాయనను అడిగాను. ఆయన గిద్ద తీశాడు, సోల తీశాడు, తల గోక్కున్నాడు. "రాదురా" అన్నాడు. అప్పుడు చెప్పాను. తప్పు బాబాయిది కాదని, ఆ యంత్రాన్ని సరిగా పరీక్షించకుండా సంతకం చేసింది నేనని, ఆ పది గ్రాములు ఎవరూ తాగలేదని చెప్పాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మా అమ్మ నా వంక చూడకుండా క్యాను మూత తుడుస్తూ కూర్చుంది.

బాబాయి నా మీద కోపం చూపలేదు. "నన్ను అనే ముందు ఎవరైనా ఒకసారి లెక్క అడిగి ఉంటే బాగుండేది అబ్బాయ్" అని మాత్రం అన్నాడు. పాలు మానేసిన రెండిళ్లలో ఒకరు ఆ వారమే మళ్లీ వచ్చారు. రెండో ఇంటివాళ్లు రానేలేదు. సంఖ్యను సరిచేసినంత తేలికగా మాటను సరిచేయలేమని ఆ రోజు తెలిసింది.

ఇది జరిగిన రెండేళ్లకు, 2020లో, విండోస్ 10లో వచ్చిన ఒక కొత్త వెర్షనుతో మైక్రోసాఫ్ట్ వాళ్ల సి లైబ్రరీ కూడా సరిగ్గా సగమైన సంఖ్యలను ఆ 1985 ప్రమాణం ప్రకారం అచ్చువేయడం మొదలుపెట్టింది. అంతకు ముందు అలాంటి సంఖ్య చివర 5 ఉంటే అదీ ఎప్పుడూ పైకే సరిచేసేది. అంత పెద్ద సంస్థ కూడా ఇంత చిన్న సంగతికి తిరిగి వచ్చి దిద్దుకుందని చదివినప్పుడు నాకు ధైర్యం కలిగింది.

చదువరులారా, మీ ఊరి కేంద్రంలోనో రేషను షాపులోనో యంత్రం ఇచ్చిన చీటీలో తేడా కనిపిస్తే సిగ్గుపడకుండా అడగండి. అయితే ఎదుట కూర్చున్న మనిషిని దొంగ అనే ముందు ఆ లెక్క ఎలా వచ్చిందో అడగండి. కంప్యూటరు చదువులు చదువుతున్న పిల్లలుంటే వాళ్లకు ఒక మాట చెప్పండి. మంచి సంఖ్యలు అందరికీ సరైన జవాబే ఇస్తాయి, సంతకం చేసే ముందు చిక్కు సంఖ్యలను కూడా అడిగి చూడమనండి.

మొన్న పండక్కి ఇంటికి వెళ్లినప్పుడు అమ్మ మేకుకున్న చీటీలు తీసి బిల్లుతో చూసుకుంటోంది. "ఇప్పుడు తేడా రావడం లేదు గదమ్మా, ఇంకా ఎందుకు?" అన్నాను.

"ఐదు గ్రాములు కూడా చెబుతోంది గదా, చూడబుద్ధవుతుంది" అంది.